మేనేజర్ మారితే జట్టు రాత మారుతుందా? ఫలితాల్లో ఆయన వాటా ఎంత?

ఎడమకాలు · శనివారం రాత్రి 11:20

మా ఆఫీసులో ఎనిమిది మందిమి ఫుట్‌బాల్ చూస్తాం. అందులో ఐదుగురు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు. అంటే సోమవారం పొద్దున టీ దగ్గర తరచూ సంతాప సభే. ఓడిన ప్రతిసారీ ఒకటే తీర్మానం: "మేనేజర్‌ని పీకేస్తే గానీ బాగుపడదు." (ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే జట్టు కోచ్.) పీకుతారు. కొత్తాయన వస్తాడు. నెల రోజులు వీళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. మళ్ళీ సంతాప సభ.

మొన్న నేను నోరు జారి "అసలు మేనేజర్ వల్ల అంత తేడా వస్తుందా?" అన్నాను. టీ చల్లారింది గానీ గొడవ చల్లారలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నా సందేహం ఇది. 2012-13లో యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్ 89 పాయింట్లతో ఇంగ్లండ్ లీగ్ గెలిచి రిటైరయ్యాడు. మరుసటి ఏడాది దాదాపు అదే జట్టు డేవిడ్ మోయెస్ చేతికొచ్చింది. 64 పాయింట్లు, ఏడో స్థానం (సీజన్ పూర్తయ్యేదాకా కూడా ఉంచలేదు, ఏప్రిల్‌లోనే పంపేశారు). ఆటగాళ్ళు వాళ్ళే, మైదానం అదే. 25 పాయింట్లు ఎటు పోయాయి? ఇది చూస్తే మేనేజరే సర్వస్వం అనిపిస్తుంది.

కానీ ఆ తర్వాత ఎవరెవరు వచ్చారో చూడండి. వాన్ హాల్, మొరీన్యో, సోల్షెయర్, రాంగ్నిక్, టెన్ హాగ్, అమోరిమ్. అందరూ అంతకుముందు వేరే చోట ఏదో ఒకటి గెలిచినవాళ్ళే. చివరికి 2024-25లో 42 పాయింట్లు, 15వ స్థానం. ఇంతమందిలో ఒక్కరికీ పని రాదా? లేక ఆ పని మేనేజర్ చేతిలో లేనే లేదా?

పిండికొద్దీ · శనివారం రాత్రి 11:48

జవాబు నా పేరులోనే ఉంది. పిండి కొద్దీ రొట్టె.

స్టెఫాన్ షిమాన్‌స్కీ అనే ఆర్థికవేత్త ఇంగ్లండ్ క్లబ్బుల పద్దులన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. పదేళ్ళ సగటు తీస్తే, జీతాలు ఎక్కువిచ్చే క్లబ్ పట్టికలో పైన ఉంటుంది, తక్కువిచ్చేది కింద ఉంటుంది. స్థానాల్లో కనిపించే తేడాలో దాదాపు 90 శాతం జీతాల లెక్కతోనే తేలిపోతుంది. గమనించండి, ఆటగాడిని కొన్న ధర కాదు, వాడికిచ్చే జీతం. కొనుగోలు ధరలో బేరం ఉంటుంది, తొందర ఉంటుంది, ఏజెంట్ల మాయ ఉంటుంది. జీతం మాత్రం వాడి సత్తాకి బజారు కట్టిన వెల.

మిగిలిన 10 శాతంలోనే మేనేజర్, గాయాలు, రిఫరీ, వాన, అదృష్టం అందరూ సర్దుకోవాలి. ఇరుకే.

ఎడమకాలు · శనివారం రాత్రి 11:55

మరి యునైటెడ్ జీతాలు దేశంలో పై వరసలోనే ఉన్నాయి కదా? పిండి బస్తాలకొద్దీ ఉంది. రొట్టె 15వ స్థానంలో కాలింది.

పిండికొద్దీ · శనివారం రాత్రి 11:57

పదేళ్ళ సగటు అన్నాను మహానుభావా. ఒక్క ఏడాది చూస్తే రొట్టె మాడొచ్చు.

లెస్టర్‌లో_తెలుగోడు · ఆదివారం తెల్లవారుజామున 3:10

ఇక్కడింకా రాత్రే, డ్యూటీ నుంచి వచ్చి చూస్తున్నా. ఎమ్మెస్సీ చదువుతూ లెస్టర్‌లో ఉంటున్నా, కాబట్టి ఈ టాపిక్‌లో మాట్లాడే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉంది.

2015-16లో మా ఊరి జట్టు 5000కి 1 పందెం మీద (రూపాయి కడితే ఐదువేలు, అంటే ఎవరికీ నమ్మకం లేదు) లీగ్ గెలిచింది. ప్రపంచమంతా మేనేజర్ రనియేరి మహిమ అంది. నేను వచ్చాక ఇక్కడి ముసలాయన ఒకరు, షాపులో నాతో పాటు పనిచేస్తాడు, రెండు విషయాలు చెప్పాడు. మొదటిది: అంతకుముందు ఏడాది క్రిస్మస్ నాటికి లెస్టర్ అట్టడుగున ఉంది. అప్పుడు మేనేజర్ నైజెల్ పియర్సన్. చివరి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు గెలిచి 14వ స్థానంలో బయటపడ్డారు. అంటే రనియేరి రాకముందే బండి కదిలింది. ముఖ్య ఆటగాళ్ళు వార్డీ, మహ్రెజ్ అప్పటికే ఉన్నారు. రనియేరి పాత సహాయక కోచ్‌లని కూడా మార్చలేదు.

రెండోది: అలాగని ఆయన ఊరికే కూర్చోలేదు. సెప్టెంబర్‌లో సొంత మైదానంలో ఆర్సెనల్ చేతిలో 5-2తో ఓడాక, ఇద్దరు ఫుల్ బ్యాక్‌లనీ (రెండు అంచుల్లో ఆడే డిఫెండర్లు) మార్చాడు. సింప్సన్, ఫుక్స్ వచ్చారు. ముందుకు ఉరికేవాళ్ళ బదులు వెనక నిలబడేవాళ్ళు. గోల్ ఇవ్వకుండా ఒక్క మ్యాచ్ ఆడితే పిజ్జా పెట్టిస్తానన్నాడు. క్రిస్టల్ ప్యాలెస్ మీద 1-0తో ఆ ముచ్చట తీరింది. తీసుకెళ్ళి, పిండి పిసికి మీరే చేసుకోండి అన్నాడట. (పిండికొద్దీ గారు, ఇది మీ కోసమే.)

ఇప్పుడు అసలు సంగతి. లీగ్ గెలిచి తొమ్మిది నెలలు గడిచాయి. ఫిబ్రవరి 2017లో జట్టు దిగువ డివిజన్‌కి పడిపోయే గీతకి ఒక్క పాయింట్ పైన ఉంది. ఆయన్ని తీసేశారు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య. స్టేడియం బయట నిలువెత్తు విగ్రహం ఉంది, మొన్న కూడా దాని పక్కన నిలబడి మా తమ్ముడికి ఫోటో పంపాను. అది రనియేరిది కాదు. యజమాని విచాయ్‌ది, 2018లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన ఆయన. ఊరు ఎవరికి దణ్ణం పెడుతోందో చూడండి.

ఆఫ్‌సైడ్_ఆచారి · ఆదివారం ఉదయం 7:32

లెస్టర్ బ్రో, మంచి పోస్ట్. కానీ ఆయన్ని తీసేశాక ఏమైందో కూడా చెప్పాలి. సహాయక కోచ్ క్రెయిగ్ షేక్‌స్పియర్‌ని కూర్చోబెట్టారు. లీగ్‌లో వరసగా ఐదు గెలుపులు! 12వ స్థానంలో ముగించారు. చూశారా, మేనేజర్ మారితే మారింది.

సున్నాసున్నా · ఆదివారం ఉదయం 8:05

ఆచారి గారూ, వాపు చూసి బలుపు అనుకుంటున్నారు.

మేనేజర్‌ని ఎప్పుడు తీసేస్తారు? జట్టు తన మామూలు స్థాయి కంటే బాగా కిందికి పడినప్పుడు. ఆ పడిపోవడంలో కొంత నిజమైన లోపం, కొంత దరిద్రం. పోస్టుకి తగిలిన బంతులు, ఇవ్వని పెనాల్టీలు, మంచాన పడ్డ స్ట్రైకర్. ఆ దరిద్రం ఎల్లకాలం ఉండదు. ఎవరినీ తీసేయకపోయినా జట్టు కొంత పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే కొత్తాయన వస్తాడు, పేరు ఆయన ఖాతాలో పడుతుంది. జ్వరం మూడో రోజు మందు మార్చిన డాక్టర్‌కి మంచి పేరు వచ్చినట్టు.

నెదర్లాండ్స్ లీగ్ మీద దాదాపు ఇరవై ఏళ్ళ ఫలితాలు తీసుకుని ఒక పరిశోధన జరిగింది. వరసగా ఓడి మేనేజర్‌ని మార్చిన జట్లని, అలాగే ఓడినా మార్చని జట్లతో పోల్చారు. రెండు రకాలూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. మార్చినందువల్ల అదనంగా వచ్చిందేమీ లేదు.

మీ షేక్‌స్పియర్‌నే తీసుకోండి. జూన్‌లో పర్మనెంట్ చేశారు, అక్టోబర్‌కల్లా పంపేశారు. యునైటెడ్‌లో సోల్షెయర్ తాత్కాలికంగా వచ్చి మొదటి ఎనిమిదీ గెలిచాడు. 2019 మార్చి 28న పర్మనెంట్ అన్నారు. ఆ తర్వాత ఆ సీజన్‌లో ఆడినవి పది, గెలిచినవి రెండు. సంతకం పెట్టిన పెన్నులో దోషం ఉందంటారా?

ఎడమకాలు · ఆదివారం ఉదయం 8:20

సోల్షెయర్ పేరు మా ఆఫీసులో ఎత్తకూడదు. ఒకాయన ఆ ఎనిమిది గెలుపులప్పుడు జెర్సీ కొన్నాడు. ఇప్పుడది కారు తుడిచే గుడ్డ.

మూడుడిఫెండర్లు · ఆదివారం ఉదయం 9:14

అందరూ మేనేజర్‌ని అంత తీసిపారేస్తే ఎలా? నాకు తెలిసిన గట్టి ఉదాహరణ చెల్సీ.

మొరీన్యో 2014-15లో లీగ్ గెలిచాడు. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ జట్టు 16 మ్యాచ్‌ల్లో 9 ఓడి 16వ స్థానంలో కూర్చుంది. డిసెంబర్‌లో ఆయన్ని పంపారు, పదో స్థానంలో ముగించారు. తర్వాత కోంటే వచ్చాడు. 2016 సెప్టెంబర్ 24న ఆర్సెనల్ చేతిలో 3-0తో చిత్తు. ఆ మ్యాచ్ మధ్యలోనే ముగ్గురు డిఫెండర్ల పద్ధతికి మారాడు. తర్వాతి మ్యాచ్ నుంచి లీగ్‌లో వరసగా 13 గెలుపులు. 93 పాయింట్లతో టైటిల్.

ఇక్కడ కాకతాళీయం అనడానికి లేదు. ఏం మార్చాడో కళ్ళకి కనపడుతోంది. ఎన్నాళ్ళుగానో ఎక్కడ ఆడించాలో ఎవరికీ తెలియని విక్టర్ మోజెస్‌ని కుడి వైపు వింగ్ బ్యాక్ (అంచున ముందుకీ వెనక్కీ పరిగెత్తేవాడు) చేశాడు. ఆస్పిలిక్వేటాని మధ్యలోకి తెచ్చాడు. వీళ్ళిద్దరూ ముందు నుంచీ ఉన్నవాళ్ళే, వాళ్ళ జీతాల వల్ల వచ్చింది కాదు ఇది.

పిండికొద్దీ · ఆదివారం ఉదయం 9:21

మేనేజర్ కోంటేతో పాటు ఆటగాడు కాంటే కూడా వచ్చాడు. మర్చిపోయారా? ముందు ఏడాది లెస్టర్ గెలిచినప్పుడు అక్కడ ఉన్నాడు, తర్వాత ఏడాది చెల్సీ గెలిచినప్పుడు ఇక్కడ ఉన్నాడు. వాడు వెళ్ళిపోయాక లెస్టర్ 81 పాయింట్ల నుంచి 44కి పడింది. ఒక్క అక్షరం తేడాతో పేరు వేరేవాడికి వెళ్ళిపోయింది!

మూడుడిఫెండర్లు · ఆదివారం ఉదయం 9:30

దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నా. కానీ కాంటే ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడినప్పుడు కూడా ఆడాడు కదండీ. సరే, ఇంకొకటి. 2022 అక్టోబర్‌లో షాబి అలోన్సో మేనేజర్‌గా వచ్చేసరికి లెవర్కూసెన్ జర్మనీ లీగ్‌లో కింది నుంచి రెండోది. 2023-24లో 34 మ్యాచ్‌లు, ఓటమి సున్నా, 90 పాయింట్లు. అక్కడి పెద్ద క్లబ్ బయర్న్ కంటే పిండి చాలా తక్కువ.

దోహా_రాత్రిషిఫ్ట్ · ఆదివారం ఉదయం 10:02

నేను చదువుకున్న లెక్కలేం చెప్పను, చూసింది చెబుతా. 2022 నవంబర్ 22, ఖతార్ ప్రపంచ కప్, లుసైల్ స్టేడియం, అర్జెంటీనా - సౌదీ. నాకు ఆ రోజు బయట గేటు దగ్గర డ్యూటీ. లోపలి ఆట కనిపించదు, శబ్దం మాత్రమే వినిపిస్తుంది. మొదటి సగంలో మెస్సీ పెనాల్టీ గోల్. ఆ తర్వాత మూడుసార్లు జనం అరిచి మూడుసార్లూ ఆగిపోయారు, ఆఫ్‌సైడ్ అని గోల్స్ రద్దు చేశారని తర్వాత తెలిసింది. హాఫ్ టైమ్ అయ్యాక పది నిమిషాల్లో వచ్చిన అరుపు వేరు. అది అర్జెంటీనా వైపు నుంచి కాదు. పక్కన ఉన్న నేపాలీ కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

సౌదీ కోచ్ హెర్వీ రెనార్డ్ హాఫ్ టైమ్‌లో ఆటగాళ్ళని తిట్టిన వీడియో తర్వాత అందరి ఫోన్లలో తిరిగింది. మెస్సీకి దూరంగా నిలబడుతున్నారు, కావాలంటే ఫోన్ తెచ్చుకుని ఫోటో దిగండి అని ఎత్తిపొడిచాడు. బయటికొచ్చి 48వ నిమిషంలో ఒకటి, 53లో ఒకటి కొట్టారు. 2-1.

మాట బలం కాదంటారా ఇది?

సున్నాసున్నా · ఆదివారం ఉదయం 10:15

అన్నా, మీరు అక్కడ ఉన్నారంటే ఈర్ష్యగా ఉంది. కానీ అదే రెనార్డ్, అదే జట్టు, తర్వాత పోలండ్ మీద 2-0తో, మెక్సికో మీద 2-1తో ఓడి గ్రూపులో ఆఖరున మిగిలారు. ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ హాఫ్ టైమ్ ఉంది, ఆయనకి నోరూ ఉంది. కప్పు చివరికి అర్జెంటీనాయే ఎత్తుకెళ్ళింది.

దోహా_రాత్రిషిఫ్ట్ · ఆదివారం ఉదయం 10:19

అదీ నిజమే. కానీ ఆ పది నిమిషాలు మాత్రం నా దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేరు తమ్ముడూ.

సికింద్రాబాద్_సీనియర్ · ఆదివారం మధ్యాహ్నం 12:40

ఇంగ్లండ్, జర్మనీ అయ్యాయి, ఖతార్ కూడా అయింది. హైదరాబాద్‌లో కూర్చుని రహీం సాబ్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. చిన్నవాళ్ళు, క్షమిస్తున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తయారుచేశాడు, 1950 నుంచి 1954 దాకా ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు గెలిచింది. మా నాన్నగారు సిటీ పోలీస్ ఆట ఉందంటే సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేవారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీస్‌కి వెళ్ళి నాలుగో స్థానం. మూడింటికీ కోచ్ ఆయనే.

జకార్తా, 1962 సంగతి వినండి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. తలతో బంతి ఆడాల్సిన డిఫెండర్‌కి తలకి కుట్లు! ఇంకెవరైనా అయితే బయట కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ అతన్ని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. సెమీస్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్లో అదే కొరియా మీద గోల్ కొట్టాడు. ఇంకొకటి పి.కె. బెనర్జీ. 2-1. అప్పటికి కోచ్ గారి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. తర్వాతి ఏడాది జూన్‌లో పోయారు. అలాంటి బంగారం మళ్ళీ రాలేదు.

ఇంకో ముచ్చట, ఇది ఎక్కువమందికి తెలియదు. కుర్రాళ్ళకి ఆయన వింత పోటీలు పెట్టేవారు. వాటంలేని కాలితోనే ఆడాలి, వాటం ఉన్న కాలితో తంతే ఫౌల్. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, పాస్ ఇచ్చి తీరాలి. మీరంతా మ్యాచ్ రోజున మేనేజర్ ఏం మార్చాడని చూస్తున్నారు. అసలు పని ఐదేళ్ళ ముందు, ఎవరూ చూడని గ్రౌండ్‌లో జరుగుతుంది. దానికి మీ పాయింట్ల పట్టికలో గడి లేదు.

పిండికొద్దీ · ఆదివారం మధ్యాహ్నం 1:05

సీనియర్ గారికి నమస్కారం. ఒక్క ప్రశ్న, కోప్పడకండి. బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, తంగరాజ్... అప్పట్లో హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లోనే అంత ప్రతిభ పండింది కదా. ఆ పంట మీద ఎవరు కోచ్ అయినా గెలిచేవారేమో?

సికింద్రాబాద్_సీనియర్ · ఆదివారం మధ్యాహ్నం 1:30

బాబూ, ఆ పంట వేసింది ఎవరు అన్నదే నేను చెబుతున్నది. విత్తనం వేసినవాణ్ణి వదిలేసి ధాన్యం రేటు చెబుతున్నావు నువ్వు.

గచ్చిబౌలి_గ్యాలరీ · ఆదివారం సాయంత్రం 4:18

పాత హైదరాబాద్ అయింది, కొత్తది నేను చెబుతా. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019-20, మొదటి సీజన్, గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో చూశాను. 18 మ్యాచ్‌లు, రెండు గెలుపులు, 10 పాయింట్లు, అట్టడుగు. మా పై వరసలో నలుగురం ఉండేవాళ్ళం, మిగతా సీట్లలో మా బ్యాగులు.

తర్వాత మనోలో మార్క్వెజ్ మేనేజర్‌గా వచ్చాడు. మన దేశపు కుర్రాళ్ళని ధైర్యంగా ఆడించాడు. మొదటి ఏడాది ఐదో స్థానం. రెండో ఏడాది, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనది. కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది. మన ఊరి పేరు మీద కప్పు వచ్చింది, మన ఊళ్ళో ఒక్క మ్యాచ్ జరగలేదు. టీవీ ముందు ఏడ్చాను, సిగ్గేమీ లేదు.

ఇక్కడిదాకా మేనేజర్ కథ. ఇప్పుడు రెండో సగం. 2023లో మనోలో వెళ్ళిపోయాడు. జీతాలు ఆగిపోయాయి, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళని తీసుకోకుండా నిషేధం పడింది. 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు. ఆ జట్టుని నడిపిన తంగ్‌బోయి సింగ్టో చేతకానివాడా? జీతం రాని పిల్లల్ని పట్టుకుని ప్రతి వారం మైదానంలోకి దింపాడు, అది నా దృష్టిలో కప్పు కంటే కష్టమైన పని. లెక్క మాత్రం ఆయన పేరు పక్కన ఒక్క గెలుపే చూపిస్తుంది. తర్వాత క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది.

కాబట్టి నా మాట: ఎంత కిందికి పడతావో, ఎంత పైకి పోగలవో యజమాని జేబు గీస్తుంది. ఆ రెండు గీతల మధ్య ఎక్కడ ఉంటావో మేనేజర్ చూసుకుంటాడు.

మూడుడిఫెండర్లు · ఆదివారం సాయంత్రం 4:40

ఈ మాట నచ్చింది. నేను దిగొచ్చాను అనుకోకండి, ఆ గీతల మధ్య దూరం చాలా ఎక్కువ అని మాత్రం అంటాను.

హాఫ్‌టైమ్_సమోసా · ఆదివారం సాయంత్రం 5:05

సీరియస్‌గా ఉన్నారు, కొంచెం గాలి పీల్చుకోండి. మేనేజర్ మాట ఎంత చెల్లుతుందో తెలియాలంటే రెండు గోల్‌కీపర్ కథలు చాలు.

2014 ప్రపంచ కప్ క్వార్టర్స్, నెదర్లాండ్స్ - కోస్టారికా. అదనపు సమయం చివరి నిమిషంలో వాన్ హాల్ తన గోల్‌కీపర్‌ని తీసేసి టిమ్ క్రూల్‌ని దింపాడు, కేవలం పెనాల్టీల కోసం. రెండు ఆపాడు, గెలిచారు. అదే ఎత్తు సెమీస్‌లో వేయలేకపోయాడు, సబ్‌స్టిట్యూట్లు అప్పటికే అయిపోయారు. పెనాల్టీల్లో ఓడారు.

2019 లీగ్ కప్ ఫైనల్, చెల్సీ. పెనాల్టీలకి ముందు మేనేజర్ మౌరిజియో సారీ తన గోల్‌కీపర్ కేపాని బయటికి రమ్మన్నాడు. వాడు రానన్నాడు! చెయ్యి ఊపాడు, రాలేదు. సారీ కోపంతో సొరంగం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. మేనేజర్ ప్రభావం ఎంత శాతం అంటారు అప్పుడు?

లెస్టర్‌లో_తెలుగోడు · ఆదివారం సాయంత్రం 6:30

నిద్ర లేచా. రనియేరి గురించి ఇంకో మాట మర్చిపోయా. లెస్టర్‌కి రావడానికి ముందు ఆయన గ్రీస్ జాతీయ జట్టు కోచ్. సొంత గడ్డ మీద ఫారో దీవుల చేతిలో 1-0తో ఓడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఫారో దీవుల మొత్తం జనాభా మన ఒక మాదిరి పట్టణమంత ఉండదు. ఆ తర్వాత లెస్టర్‌తో చరిత్ర. ఆ తర్వాత ఫుల్‌హామ్‌కి వెళ్తే నాలుగు నెలల్లోపే పంపేశారు. ఒక మనిషి బుర్ర ఇంత తొందరగా తెలివి తెచ్చుకుని మళ్ళీ పోగొట్టుకుంటుందా? చుట్టూ ఉన్నవి మారాయి.

సున్నాసున్నా · ఆదివారం సాయంత్రం 6:44

మాంచెస్టర్ సిటీలో గ్వార్డియోలా కూడా అంతే కదా. 2024 సెప్టెంబర్‌లో ఆయన మిడ్‌ఫీల్డర్ రోడ్రి మోకాలు పోయింది. అక్టోబర్ చివరి నుంచి 13 మ్యాచ్‌ల్లో సిటీకి ఒక్క గెలుపు. ఆయన అంతకుముందు వరసగా నాలుగు లీగులు గెలిచిన మనిషి.

బురదమైదానం · ఆదివారం రాత్రి 9:15

ఇన్నాళ్ళూ చదివేవాణ్ణే గానీ రాయలేదు. నేను మేనేజర్‌ని కాదు, పీఈటీని. అనంతపురం జిల్లాలో ఒక స్కూలు. పదమూడు, పధ్నాలుగేళ్ళ పిల్లలు. జీతాల బెడద లేదు, వాళ్ళకి అసలు జీతాలే లేవు కాబట్టి నా అనుభవం పిండికొద్దీ గారికి పనికొస్తుందేమో.

మొన్న వానల్లో పక్క మండలం స్కూలుతో ఆడాం. హాఫ్ టైమ్‌కి 0-1. వాళ్ళ కుడి వైపు ఒక పిల్లవాడు గాలిలా ఉరుకుతున్నాడు. మా లెఫ్ట్ బ్యాక్ వాడి వెనక పరిగెత్తి పరిగెత్తి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. నా దగ్గర పెద్ద వ్యూహం ఏమీ లేదు. చీనీకాయలు కోసి పంచాను. వాళ్ళు తొనలు పీలుస్తుంటే ముఖాలు చూశాను. ముందు వరసలో ఆడే ఒకడున్నాడు, ఎడమకాలి వాటం, గోల్స్ వాడే కొడతాడు. వాణ్ణి వెనక్కి తెచ్చి ఎడమ వైపు పెట్టాను. ఒకటే మాట చెప్పాను: "బంతి లాక్కోవాలని చూడొద్దు. వాణ్ణి గీత వైపుకి తోలు, లోపలికి రానీకు." వాడు అలిగాడు. గోల్ కొట్టేవాణ్ణి వెనక పెడితే అలగడా? తొన నేలకేసి కొట్టి వెళ్ళాడు. కానీ చెప్పింది చేశాడు. ఆ గాలిపిల్లవాడు రెండో సగంలో ఒక్క బంతి కూడా సరిగా లోపలికి వేయలేకపోయాడు.

2-1 గెలిచాం. మర్నాడు ప్రేయర్‌లో హెడ్‌మాస్టర్ గారు మైకులో నా పేరు చదివారు.

కానీ నిజం చెప్పాలి కదా. మా మొదటి గోల్ కార్నర్‌లో ఎవడి మోకాలికో తగిలి లోపలికి పోయింది, ఆ మోకాలు మావాడిదో వాళ్ళవాడిదో ఇప్పటికీ తెలియదు. రెండోది వాళ్ళ గోల్‌కీపర్ బురదలో జారి చేతిలో బంతి వదిలేశాడు. నేను చేసిన మార్పు గోల్స్ ఆపింది, కొట్టలేదు. ఆ పిల్లవాడు జారకపోతే 1-1, ప్రేయర్‌లో నా పేరు ఉండదు. నేను చేసిన పని మాత్రం అదే.

ఎడమకాలు · ఆదివారం రాత్రి 9:40

మాస్టారూ, ఈ దారంలో ఇదే బెస్ట్ పోస్ట్. రేపు ఆఫీసులో ఇది చదివి వినిపిస్తా. నా 25 పాయింట్ల ప్రశ్నకి కూడా కొంత జవాబు దొరికింది. ఫెర్గూసన్ ఆఖరి ఏడాదిలో ఎంత భాగం ఆయన, ఎంత భాగం ఎవరో గోల్‌కీపర్ జారడం, మనకి విడదీసి కనపడదు. మోయెస్ నెత్తిన పడ్డదీ అంతే.

సికింద్రాబాద్_సీనియర్ · ఆదివారం రాత్రి 9:52

మాస్టర్ గారూ, మీ పిల్లలకి వాటంలేని కాలితో ఒక మ్యాచ్ పెట్టండి. ఆ అలిగినవాడికి కుడికాలు కూడా వస్తుంది.

బురదమైదానం · ఆదివారం రాత్రి 10:01

తప్పకుండా సార్. గురువారమే పెడతా. వచ్చే ఆదివారం ఇంకో మ్యాచ్ ఉంది, ఏమైందో రాస్తాను.

ఎడమకాలు · మరుసటి సోమవారం ఉదయం 10:30

మాస్టారూ, నిన్నటి మ్యాచ్ ఏమైంది? ఆఫీసులో యునైటెడ్ వాళ్ళు కూడా అడుగుతున్నారు. వాళ్ళకి మీ స్కూలు తప్ప ఆనందం ఇచ్చే జట్టు లేదు.

బురదమైదానం · సోమవారం మధ్యాహ్నం 1:12

3-0 గెలిచాం. కానీ నేను లేను. శనివారం నుంచి జ్వరం, మంచం దిగలేదు. తెలుగు సార్ పిల్లల్ని తీసుకెళ్ళారు. ఆయనకి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియదు. మ్యాచ్ అంతా గొడుగు పట్టుకుని నిలబడ్డారట.

పిండికొద్దీ · సోమవారం మధ్యాహ్నం 1:15

నేనేమీ అనడం లేదు. 😄

ఎడమకాలు · సోమవారం మధ్యాహ్నం 1:18

ఎడమ వైపు వెనక ఎవరు ఆడారు మాస్టారూ?

బురదమైదానం · సోమవారం మధ్యాహ్నం 1:26

వాడే. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి అక్కడ నిలబడ్డాడట. ఫోన్ చేస్తే మాత్రం మాట్లాడలేదు, అలక ఇంకా తీరలేదు.